అల్లుడికి పెట్టే వాచీ: డయల్ మీద పేరు కాదు, లోపలి మిషను చూడండి

మన తిరుపతిలో, చిత్తూరులో పెళ్లి వాచీ కొనే తీరు చూస్తే కడుపు మండుతోంది. ఉంగరం దగ్గర హాల్‌మార్క్ ఉందా, తరుగు ఎంత, మజూరీ ఎంత అని అంగట్లో గంటసేపు కూర్చుని బేరమాడే పెద్దోళ్లు, మూడు లక్షల వాచీ దగ్గరికొచ్చేసరికి "అబ్బాయి అడిగిన బ్రాండు ఇదేనా?" అని ఒక్క మాట అడిగి కార్డు గీకేస్తారు. లోపల ఏ మిషను నడుస్తోంది, ఆగితే ఎవరు విప్పుతారు, ఎంత తీసుకుంటారు, ఎన్ని వారాలు పెట్టుకుంటారు, ఇవేవీ అడగరు. నాలుగేళ్లకి ఆ వాచీ బీరువాలో పడుంటుంది. ఖరీదైన మెకానికల్ వాచీలో మొదట చూడాల్సింది దాని సర్వీసు. అందం ఆ తర్వాత. పేరు ఇంకా తర్వాత.

ఎందుకంటే ఇది బ్యాటరీ మార్చి సరిపెట్టుకునే వస్తువు కాదు. చుట్టుకున్న మెయిన్‌స్ప్రింగ్ బలం పళ్ల చక్రాల మీదుగా బ్యాలెన్స్ చక్రం (అటూఇటూ ఊగుతూ టైము కొలిచేది) దాకా పోతుంది. 28,800 బీట్ల మిషను అంటే గంటకి అన్నిసార్లు, అంటే సెకనుకి 8 సార్లు, రాత్రీ పగలూ కొట్టుకుంటూనే ఉంటుంది. నూనె ఎండితే ఇరుసులు అరుగుతాయి. కాబట్టి 5 నుంచి 10 ఏళ్లకోసారి, కంపెనీ చెప్పేదాన్ని బట్టి, మొత్తం విప్పి కడిగి మళ్లీ నూనె పెట్టాలి. పేరున్న స్విస్ వాచీకి ఆ బిల్లు పదుల వేలల్లో ఉంటుంది. క్రోనోగ్రాఫ్, అంటే స్టాప్‌వాచీ కూడా ఉండేది, అయితే ఇంకా పైకి పోతుంది, లోపల అన్ని ముక్కలు ఉంటాయి కదా. ఊర్లో కొన్నా సరే, అంత పెద్ద వాచీని విప్పే అధీకృత సర్వీసు కోసం మనం చెన్నైకో బెంగళూరుకో పంపాల్సిందే. ఇది కొనేరోజే లెక్కలోకి రావాలి.

మొదటి మెకానికల్ వాచీ కొనేవాళ్లకి అందుకే గట్టిగా చెబుతా: పది మందికి తెలిసిన మిషను ఉన్నదే తీసుకోండి. ఈటీఏ అనే స్విస్ కంపెనీ మిషను 2824-2 గానీ, దాని బాటలోనే వచ్చిన సెల్లిటా ఎస్‌డబ్ల్యూ200 గానీ ఉంటే విడిభాగాలు దొరుకుతాయి, చెయ్యి తిరిగిన ఏ మెకానిక్కైనా దాని గుణం తెలుసు. ఇంకా తక్కువలో కావాలంటే సీకో ఎన్‌హెచ్35 ఉంది. 21,600 బీట్లు, 24 జ్యువెల్స్ (ఇరుసులు అరగకుండా పెట్టే రాళ్లు), నిండా కీ ఇస్తే సుమారు 41 గంటలు నడుస్తుంది. పూర్తిగా పాడైతే రిపేరు మాట పక్కనబెట్టి మిషను మొత్తం మార్చేసుకోవచ్చు. "ఇన్‌హౌస్ మిషను సార్, కంపెనీ సొంతంగా చేసింది" అని సేల్స్‌మేన్ చెబితే మురిసిపోవద్దు. సొంత మిషను అంటే విడిభాగం కూడా ఆ కంపెనీ దగ్గరే దొరుకుతుంది, ధర కూడా వాళ్లు చెప్పిందే. రోలెక్స్, ఒమేగా లాంటి పెద్ద కంపెనీల విషయంలో ఫర్వాలేదు, వాళ్ల వ్యవస్థ నిలబడి ఉంది. నిన్న మొన్న వచ్చిన చిన్న బ్రాండు సొంత మిషను మీద లక్షలు పెట్టే ముందు మాత్రం ఒకటికి పదిసార్లు ఆలోచించండి.

టైము ఎంత కచ్చితంగా చూపిస్తుందనే దాని మీద కూడా భ్రమలు ఎక్కువే. సీఓఎస్‌సీ (మిషన్ల కచ్చితత్వం పరీక్షించే స్విస్ సంస్థ) సర్టిఫికెట్ ఉన్న క్రోనోమీటర్ మిషనుకి రోజుకి సగటున 4 సెకన్లు వెనక్కి, 6 సెకన్లు ముందుకి దాకా అనుమతి ఉంది. రోలెక్స్ తన వాచీలకి రోజుకి రెండు సెకన్లు అటూఇటూ అని పెట్టుకుంది. ఎన్‌హెచ్35కి కంపెనీ రాసిన హద్దు 20 వెనక, 40 ముందు. వెయ్యి రూపాయల బ్యాటరీ వాచీ వీటన్నిటికంటే సరిగ్గా నడుస్తుంది. కచ్చితమైన టైమే కావాలంటే మెకానికల్ కొనొద్దు, అంతే. పనితనం మీద ప్రేమ ఉంటేనే కొనండి.

ఇక సైజు. షోరూములో 42, 44 ఎంఎం అని కేసు, అంటే వాచీ డబ్బా, వెడల్పు ఒక్కటే చెబుతారు. అసలు కొలత లగ్ టు లగ్, అంటే బెల్టు తగిలించే పై కొమ్ము చివర నుంచి కింది కొమ్ము చివర దాకా. ఇంట్లో ఒక కాగితం ముక్క తీసుకుని మణికట్టు పైభాగంలో సమంగా ఉన్న వెడల్పు కొలవండి. వాచీ కొమ్ములు ఆ వెడల్పు దాటి బయటికి వేలాడకూడదు. ఆరున్నర అంగుళాల చుట్టుకొలత ఉన్న చేతికి 36 నుంచి 40 ఎంఎం వాచీ, 48 ఎంఎం లోపు లగ్ టు లగ్ చక్కగా కూర్చుంటాయి. మందం 13 ఎంఎం దాటితే ఫుల్ హ్యాండ్స్ చొక్కా కఫ్ కింద దూరదు. పెళ్లికొడుకు చేతికి బుల్డోజర్ లాంటి వాచీ కట్టి ఫొటోలు దిగాక, ఆ అబ్బాయి దాన్ని ఆఫీసుకి కట్టుకోడు.

మన ఎండకి, చెమటకి వాచీ ఎలా పాడవుతుందో షోరూములో చెప్పరు గనుక ఇక్కడ రొంత వివరంగా రాస్తున్నా. వెనక మూత మీద 30 మీటర్లు అని ఉంటే 30 మీటర్ల లోతుకి దిగొచ్చని కాదు. చేతులు కడుక్కునేటప్పుడు పడే చినుకులు, వానతుంపర, అంతవరకే. 50 మీటర్లు ఉన్నా ఈతకి నమ్మొద్దు. 100 మీటర్లు, దానితోపాటు బిగించే క్రౌన్ (పక్కన కీ తిప్పే బుడిపె) ఉంటే పుష్కరిణిలో మునక వేయొచ్చు, అది కూడా గాస్కెట్లు బాగున్నంత కాలమే. గాస్కెట్ అంటే సన్నటి రబ్బరు రింగు. వేడికి, చెమటకి, సబ్బుకి గట్టిపడి పగుళ్లిస్తుంది. వాచీతో వేడినీళ్ల స్నానం అసలు వద్దు. వేడికి లోపలి గాలి వ్యాకోచించి, చల్లబడగానే కుంచించుకుని, ఏ చిన్న సందున్నా అందులోంచి ఆవిరిని లోపలికి లాగుతుంది. అద్దం లోపల మంచు పట్టినట్టు కనిపిస్తే ఆరిపోతుందిలే అని ఊరుకోవద్దు, ఆ వారంలోనే విప్పించండి. స్టీలు ఇరుసులకి తుప్పు పట్టడానికి ఎన్నో రోజులు పట్టదు.

వాచీ లోపలికి నీళ్లు పోవడానికి ఒక ముఖ్య కారణం క్రౌన్ సరిగా బిగించకపోవడం. బిగించే పద్ధతి ఇది: క్రౌన్‌ని కేసు వైపు మెల్లగా నొక్కి, ముందు వెనక్కి తిప్పండి. మర పట్టుకునే చోట చిన్న "టిక్" వేలికి తెలుస్తుంది. అప్పుడు ముందుకి తిప్పి బిగించండి. ఆగినచోట ఆపేయండి. బలం చూపిస్తే మర చెరిగిపోతుంది, క్రౌన్, అది బిగుసుకునే ట్యూబు రెండూ మార్చాలి.

చెమట ఉప్పు స్టీలు చైను కడ్డీల సందుల్లో చేరుతుంది. దానికి చందనం, విభూతి, దుమ్ము తోడై గరుకు పేస్టులా తయారై పిన్నుల్ని అరగదీస్తుంది. చైను సాగిపోయిందంటారే, అది ఇదే. 100 మీటర్ల వాచీ అయితే క్రౌన్ బిగించి, గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క డిష్ లిక్విడ్ వేసి మెత్తటి టూత్‌బ్రష్‌తో వారానికోసారి రుద్దండి. అంతకు తక్కువైతే చైను విప్పి విడిగా కడగండి. తోలు బెల్టు మన వేసవిలో రోజూ కడితే ఏడాది తిరగకముందే వాసన వస్తుంది. మొసలి తోలు కోసం వేలు పోయకండి. ఏప్రిల్, మే నెలల్లో రబ్బరు గానీ నైలాన్ గానీ కట్టండి, ఆ తోలు బెల్టు కార్తీకంలో మళ్లీ కట్టండి.

కడియం, రాగి కంకణం ఉన్న చేతికి వాచీ కట్టొద్దు. అద్దం సఫైర్ అయితే దానికేం కాదు గానీ, కేసు పక్కలు గీతలు పడిపోతాయి. కొబ్బరికాయ కొట్టేటప్పుడు వాచీ తీసి జేబులో వేసుకోండి. షాక్ ప్రొటెక్షన్ ఉందని అంటారు, నిజమే, బ్యాలెన్స్ ఇరుసు విరగకుండా ఇన్‌కాబ్లాక్ లాంటి స్ప్రింగు కాపాడుతుంది. కానీ అది అనుకోకుండా తగిలే దెబ్బ కోసం పెట్టింది. అలిపిరి మెట్లు వాచీతో ఎక్కొచ్చు, చెయ్యి ఊపుతూ నడిస్తే ఆటోమేటిక్‌కి కీ కూడా పడుతుంది.

తారీకు మార్చడంలో పాడుచేసుకునేవాళ్లు లెక్కలేనంత మంది. రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 దాకా తారీకు చక్రం పళ్లు పట్టుకుని ఉంటాయి. ఆ టైములో క్రౌన్‌తో తారీకు తిప్పితే ప్లాస్టిక్కో ఇత్తడో, ఏదో ఒక పన్ను పోతుంది. ఆగిపోయిన వాచీ అది పగలు ఆగిందో రాత్రి ఆగిందో చెప్పదు. ముందు ముళ్లు ముందుకి తిప్పి తారీకు మారేదాకా రానిచ్చి, అక్కడి నుంచి ఆరున్నరకి తెచ్చి, అప్పుడు తారీకు పెట్టి, ఆఖరున టైము పెట్టండి. ఈటీఏ 2824 ఉన్న ఆటోమేటిక్‌కి రోజూ కీ ఇచ్చి నడపడం కూడా వద్దు, కీ ఇచ్చే చక్రాలు దానికి బలహీనం. ఆగినప్పుడు ఇరవై చుట్లు ఇచ్చి చేతికి కట్టేయండి.

ఉన్నట్టుండి రోజుకి నిమిషాలకి నిమిషాలు ముందుకి పరిగెడుతుంటే సర్వీసుకి దుడ్లు పెట్టే ముందు అయస్కాంతం చూడండి. ఫోను స్పీకరు, ట్యాబ్ కవరు, ఇండక్షన్ పొయ్యి, ఏదైనా కావచ్చు. బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నటి హెయిర్‌స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటే స్ప్రింగు పొడవు తగ్గినట్టయి వేగం పెరుగుతుంది. దిక్సూచి పక్కన వాచీని మెల్లగా జరపండి, ముల్లు ఊగితే అదే జబ్బు. ఆన్‌లైన్‌లో దొరికే డీమాగ్నెటైజర్ (అయస్కాంత గుణం తీసేసే యంత్రం) మీద వాచీ పెట్టి, బటన్ నొక్కి పట్టుకునే మెల్లగా అడుగు దూరం పైకి లేపి, అప్పుడు వదలండి. దగ్గరున్నప్పుడే బటన్ వదిలితే ఇంకా ఎక్కువ పట్టుకుంటుంది.

"వాచీ ఇన్వెస్ట్‌మెంట్ సార్" అనే మాట మీద నాకు పీకలదాకా కోపం. పాత వాచీల మార్కెట్టు 2022 మొదట్లో శిఖరానికి పోయి, ఆ తర్వాత జారింది. రోలెక్స్, పాటెక్ ఫిలిప్, ఒడెమార్ పిగే కంపెనీల్లో కొన్ని మోడళ్లు తప్ప మిగతావి చాలావరకు షోరూము గుమ్మం దాటగానే విలువ పోగొట్టుకుంటాయి. బంగారం పట్టుకుని ఏ బ్యాంకుకి పోయినా గంటలో అప్పు పుడుతుంది, వాచీ మీద పుట్టదు. ఒక మోడల్ కోసం క్యూలో పెట్టి, ఆలోపు మనకిష్టంలేని ఇంకో రెండు అంటగట్టాలని చూసే అంగడి నుంచి లేచి వచ్చేయండి. లావాదేవీ కూడా శుభ్రంగా ఉండాలి. రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం చట్టం ఒప్పుకోదు. 10 లక్షలు దాటిన వాచీ మీద 2025 ఏప్రిల్ 22 నుంచి 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను) ఉంది, రిటర్నులో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు. బిల్లు మీద, వారంటీ కార్డు మీద సీరియల్ నంబరు, తేదీ రాయించుకోండి. అవి లేకపోతే రేపు అమ్మకానికి పెట్టినప్పుడు తెలుస్తుంది.

సేకరణ మొదలుపెట్టాలనుకునే కుర్రోళ్లు అప్పు చేసి స్విస్ వాచీ కొనకండి నాయనా. ముందు కీ ఇచ్చే పాత హెచ్ఎంటీ జనతాతో ఆరు నెలలు ఉండండి. 17 జ్యువెల్స్, 18,000 బీట్లు. సిటిజన్ సాయంతో 1961లో బెంగళూరులో పెట్టిన ఫ్యాక్టరీ నుంచి మొదలైన పరంపర అది. 2016 జనవరిలో హెచ్ఎంటీ వాచెస్ మూసివేతకి కేంద్రం ఒప్పుకుంది. పాత మెకానిక్కులకి దాని ప్రతి మరా తెలుసు. కొనేటప్పుడు మళ్లీ కొత్తగా రంగులద్దిన డయల్‌ని మాత్రం పట్టుకోవాలి. భూతద్దం పెట్టి చూస్తే అక్షరాల అంచులు ముద్దగా ఉంటాయి, నిమిషాల గీతలు వంకర పోతాయి, కంపెనీ ఆ మోడల్‌లో చేయని రంగులు మెరుస్తుంటాయి. ఫావ్ర్ లూబా, వెస్ట్ ఎండ్ అనే పాత స్విస్ కంపెనీల పేర్లతో ఇలాంటివే ఎక్కువ తిరుగుతున్నాయి.

తిరుమల హుండీలో వచ్చిన వాచీల సంగతి కూడా అడుగుతుంటారు. టీటీడీ వాటిని అప్పుడప్పుడూ లాట్లుగా ఈ-వేలం వేస్తుంది, కొత్తవి, వాడినవి, పాక్షికంగా దెబ్బతిన్నవి అని. ప్రకటనల్లో ఉండేది టైటాన్, క్యాషియో, టైమెక్స్, ఆల్విన్, సొనాటా లాంటి పేర్లు. ఖరీదైన స్విస్ వాచీ తగులుతుందని లాటు పాడుకోవద్దు. ఎవరైనా విడిగా ఒకటి చూపించి "స్వామివారి వేలంలో వచ్చింది" అంటే లాటు కాగితం చూపించమనండి. "ఫస్ట్ కాపీ", "7ఏ" అని నకిలీలు అమ్మేవాళ్ల దగ్గరికి అసలే పోవద్దు. సెకన్ల ముల్లు జారుతున్నట్టు కదిలితే అసలుదేనన్న రోజులు పోయాయి, నకిలీల్లోనూ ఆటోమేటిక్కే పెడుతున్నారు. వెనక మూత తీసి మిషను చూడందే లక్ష దాటిన పాత వాచీకి అడ్వాన్సు ఇవ్వకండి.

సర్వీసుకి ఇచ్చేటప్పుడు "విప్పకుండా పెట్రోల్ వాష్ చేసి ఇస్తా" అంటే వాచీ తీసుకుని వచ్చేయండి. పెట్రోలు మురికిని కరిగించి ఇరుసుల గుంటల్లోకే తోస్తుంది, ఉన్న కాస్త నూనెనీ కడిగేస్తుంది. నిజమైన సర్వీసులో ఒకే నూనె అన్నిచోట్లా పెట్టరు. వేగంగా తిరిగే బ్యాలెన్స్ ఇరుసుకి మోబియస్ కంపెనీ 9010 లాంటి పలచటి నూనె, బరువు మోసే నిదానపు చక్రాలకి చిక్కటిది, చక్రాన్ని ఒక్కో పన్నుగా వదిలే ప్యాలెట్ రాళ్లకి 9415, మెయిన్‌స్ప్రింగ్ ఉండే ఆటోమేటిక్ బ్యారెల్ గోడకి వేరే గ్రీజు. పాలిష్ మాత్రం వద్దని చీటీ మీద రాయించండి, బఫ్ పెడితే కొమ్ముల పదును పోయి మళ్లీ రాదు. తీసుకునేటప్పుడు టైమ్‌గ్రాఫర్ (వాచీ టిక్కులు విని నడక కొలిచే యంత్రం) మీద పెట్టించి చూడండి. నిండా కీ ఉండి డయల్ పైకి ఉన్నప్పుడు ఆంప్లిట్యూడ్ (బ్యాలెన్స్ చక్రం ఊగే కోణం) 270 నుంచి 310 డిగ్రీలు, బీట్ ఎర్రర్ (అటు ఊపుకి ఇటు ఊపుకి టైము తేడా) 0.8 మిల్లీసెకన్ల లోపు ఉండాలి. యంత్రంలో లిఫ్ట్ యాంగిల్ (ఆంప్లిట్యూడ్ లెక్కకి వాడే, మిషనుని బట్టి మారే కోణం) ఆ మిషనుదే పెట్టారా అని అడగండి, ఈటీఏ 2824కి 50, ఎన్‌హెచ్35కి 53. అది తప్పు పెడితే కనిపించే ఆంప్లిట్యూడూ తప్పే. గాస్కెట్లు మార్చారా, నీళ్లు పోకుండా చూసే ప్రెషర్ టెస్ట్ ఎన్ని బార్ల ఒత్తిడి దగ్గర చేశారు అనేది బిల్లు మీదే రాయించుకోండి. ఆ ముక్క రాయడానికి ఒప్పుకోకపోతే ఆ వాచీని నీళ్ల దగ్గరికి తీసుకెళ్లొద్దు.