ఎప్పుడు కోసినవ్ తమ్మీ?

నల్లగొండలో ఆదివారం పొద్దున మటన్ దుకాణం ముందు మా అమ్మ మొదట అడిగేది రేటు కాదు. "ఎప్పుడు కోసినవ్ తమ్మీ?" వాడు "ఇప్పుడే అమ్మా" అంటే నమ్మదు. తొడ ముక్కను వేలితో నొక్కి, ఈగలెన్ని వాలాయో కూడా లెక్కగట్టి, అప్పుడు సంచి తీస్తుంది. జన్యువుల మీద పరిశోధన చేసే మాలాంటి వాళ్లందరికీ ఆమె దగ్గర ఆరు నెలలు ట్రైనింగ్ తప్పనిసరి చేయాలని నా డిమాండ్.

ఎందుకంటే మేం అడిగేది ఒకటే: "రిన్ ఎంత?" బట్టల సబ్బు కాదండీ. టిష్యూలోంచి తీసిన ఆర్‌ఎన్‌ఏ (కణం తన జన్యువుల నుంచి రాసుకునే నకలు) ఎంతవరకు తెగకుండా ఉందో చెప్పే మార్కు. 1 అంటే పొడిపొడి, 10 అంటే నిక్షేపం, 7 దాటితే మామూలుగా పాస్. 2006లో ఈ పద్ధతి వచ్చాక మాకు ఆలోచించే శ్రమ తప్పింది. మిషన్ చూసేది ముఖ్యంగా ప్రొటీన్లు తయారుచేసే రైబోజోముల ఆర్‌ఎన్‌ఏను, మాకు కావలసిందేమో మొత్తంలో నూటికి ఐదు పాళ్లు కూడా ఉండీ ఉండని మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను, అదే జన్యువుల సందేశం మోసేది. అంటే బారాత్‌లో ఎగిరేవాళ్లను చూసి పెళ్లికొడుకు ఆరోగ్యానికి సర్టిఫికెట్ రాస్తున్నామన్నమాట.

మొన్నామధ్య లివర్ శాంపిల్ కోసం ఓ ఆసుపత్రికి పోయాను (పేరు వద్దు, మళ్లీ పోవాలి). ఆపరేషన్‌లో తీసిన ముక్కను స్టీలు ట్రేలో, ఫ్యాన్ కింద పెట్టారు. లేబుల్ రాసే ఆయన చాయ్‌కి పోయాడు. చాలాసేపటికి వచ్చి, గోడ గడియారం చూసి, ఆ టైమునే "సేకరించిన సమయం" అని నీటుగా రాసి, ముక్కను ఆర్‌ఎన్‌ఏలేటర్ (ఆర్‌ఎన్‌ఏ చెడకుండా కాపాడే మందు) గొట్టంలో వేశాడు. అర సెంటీమీటర్ మందం దాటితే ఆ మందు లోపలికి సరిగా ఇంకదు, ఆయన వేసింది రేగుపండంత. "గంత సన్నగ కోస్తే మీకేం మిగుల్తది సార్?" అన్నాడు, పాపం ప్రేమగానే.

థర్మాకోల్ పెట్టెతో హైదరాబాద్ బస్సెక్కితే కండక్టర్ "చాపలా అన్నా?" అన్నాడు. ల్యాబ్‌కు చేరాక మాత్రం మా మడి చూడాలి! ఆర్‌ఎన్‌ఏను కొరికేసే ఎంజైము మన చర్మం మీదే ఉంటుంది, మరిగించినా చావదు, అందుకని నిమిషానికోసారి గ్లవ్స్ మార్చుడు, పెట్టె ముందు ఎవరైనా దగ్గితే ఉరిమి చూసుడు. ట్రేలో అంతసేపు ఎండిన ముక్కకు ఈ మర్యాద.

రిజల్ట్ 7.8. ల్యాబంతా సంబురం. నాకొక్కడికే టెన్షన్. రక్తం ఆగిన కాసేపటికే కణాలు గాబరాపడి ఫాస్, జున్ లాంటి జన్యువులను ఎగదోస్తాయి, ఆర్‌ఎన్‌ఏ తెగడం మొదలవకముందే. అది రిన్‌కు కనబడదు. ట్రేలో పడిన ఆ గాబరానే రేపు మా పేపర్లో కొత్త బయోమార్కర్ (జబ్బును పట్టిచ్చే గుర్తు) అయి కూర్చోవచ్చు. గైడ్‌కు చెప్తే "రిన్ ఎంతొచ్చింది?" అన్నారు. 7.8 సార్. "ఇంకేంది మరి?"

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. "కోసినప్పుడు నువ్వు ఆడనే ఉన్నవ్ గదా, మరి టైము నువ్వే రాసుకోకపోయినవ్?" అంది.

చెప్పొద్దనుకున్నా గానీ, ఆ రోజు చాయ్‌కి ఆయన ఒక్కడే పోలేదు.