జూనియర్ కత్తిపోటు చెల్లదు

అసాసిన్స్ క్రీడ్ అనే వీడియో గేముల్లో మెడలో కత్తి దిగితే మనిషి చచ్చిపోతాడని ఇంకా నమ్మే అమాయకులు ఎవరైనా మిగిలుంటే, ఈ నాలుగు ముక్కలూ వాళ్ల కోసమే. 2007 నాటి మొదటి గేములో అలాగే ఉండేది, నిజమే. డమాస్కస్, ఏకర్, జెరూసలేం. కథ నడిచేకొద్దీ ఊళ్లో కొత్త పేటలు తెరుచుకునేవి. కథానాయకుడు ఆల్టయీర్ వెనకనుంచి వచ్చి పొడిస్తే కాపలావాడు కిక్కురుమనకుండా పోయేవాడు. పాతకాలం మనుషులు, మర్యాద తెలిసినవాళ్లు.

2017లో అదే వరసలో ఆరిజిన్స్ వచ్చి ఆ అరాచకాన్ని అరికట్టింది. ఈజిప్టు మ్యాప్ బార్లా తెరిచి, ఎటైనా పొమ్మన్నారు. గోడ లేదు, గేటు లేదు. కాకపోతే ప్రతి ప్రాంతానికీ ఒక లెవెల్, అంటే అక్కడివాళ్ల బలానికి కొలత, ప్రతి కాపలావాడి నెత్తిమీదా ఒక అంకె. మన అంకె మరీ చిన్నదైతే అక్కడ ఎర్ర పుర్రె ప్రత్యక్షమవుతుంది, వీడి జోలికి పోవద్దని.

ఇక చూడండి. కథానాయకుడు బయెక్ గడ్డిలో నక్కి, ఊపిరి బిగబట్టి, అలాంటి పుర్రెగాడి వెనక్కి చేరతాడు. కత్తి మెడలో దింపుతాడు. వాడికి దోమ కుట్టినట్టుంటుంది. ప్రాణం ఎంత మిగిలిందో చూపే హెల్త్ బార్‌లో ఒక ముక్క తగ్గుతుంది, అదీ మొహమాటానికి. తాపీగా వెనక్కి తిరిగి, "తమరి లెవెల్ ఎంతండీ?" అన్నట్టు చూస్తాడు. జూనియర్ అసిస్టెంటు సంతకం పెద్ద ఫైలు మీద చెల్లనట్టే, జూనియర్ కత్తిపోటూ చెల్లదు. పీకకి కూడా సర్వీసు రూల్సున్నాయి మరి. మాట అయ్యాక వాడు ఒక్కటిస్తాడు. ఆ ఒక్కదానికీ బయెక్ పోతాడు, ఎందుకంటే వాడి దెబ్బకి అర్హత ఉంది.

కొడుకుని పోగొట్టుకుని పగతో బయల్దేరిన తండ్రి అతను. ఆగవయ్యా, ఈ పగకి నీ లెవెల్ చాలదు, ముందు ఊళ్లోవాళ్ల పోయిన సామాను వెతికిపెట్టి, నాలుగు హైనాలని చంపి రా, అంటుంది గేము. వెళ్తాడు పాపం.

2018లో ఒడిస్సీ. గ్రీసు. అక్కడ మనం పెరిగితే ప్రాంతాలూ మనతోపాటే పెరుగుతాయి, తోడేళ్లతో సహా. మరి మనం పెరగడం దేనికి? గేములోని దుకాణం చూడండి, తెలుస్తుంది. ఎక్స్‌పీ, అంటే లెవెల్ పెంచే పాయింట్లు, శాశ్వతంగా యాభై శాతం ఎక్కువిచ్చే సరుకొకటి నిజం డబ్బుకి పెట్టారు. పూర్తి ధర పోసి గేము కొన్నవాడు, అది తొందరగా గడవడానికి మళ్లీ డబ్బు కట్టాలి! ఆట విసుగ్గా ఉందని దాన్ని తయారుచేసిన మీకే తెలుసన్నమాట, లేకపోతే ఆ విసుగు తగ్గించే మందు ఎందుకు అమ్ముతారు? పిల్లలు పడుకున్నాక ఆడేవాడికి దొరికేది ఒక గంట. దాన్ని కావాలని సాగదీసి, సాగదీసినందుకు బిల్లు వేయడం డిజైను కాదు, దొంగతనం.

2023లో మిరాజ్ బాగ్దాద్‌కి వెళ్లి, లెవెళ్లు తీసేసి, చిన్న ఊరితో సరిపెట్టుకుంది. కాపలావాళ్లు మళ్లీ బుద్ధిగా చచ్చారు. ఆ ముచ్చట ఎన్నాళ్లో నిలవలేదు. 2025లో షాడోస్ జపాన్ చేరగానే ప్రాంతాల లెవెళ్లు తిరిగొచ్చాయి. కాకపోతే దయతలిచి సెట్టింగ్స్‌లో ఒక మీట పెట్టారు. అది నొక్కితే, చాటుగా పొడిచినవాడు కచ్చితంగా చస్తాడు.

మనం వెతుక్కుని నొక్కితేనే.