కుంకుడుకాయకు నురగ టెస్టు పెట్టి ధర కట్టండి

ఆదివారం పొద్దున మా బాపమ్మ బండ మీద కుంకుడుకాయలు కొడుతుంటే ఆ చప్పుడు వాడకట్టంతా వినిపించేది. నల్లటి గింజలు మాకు, ఆడుకోవడానికి. పొట్టు వేడినీళ్లలోకి. రసం పిసికి తల మీద పోస్తుంటే ఎంత గట్టిగా కళ్లు మూసుకున్నా ఒక చుక్క లోపలికి పోయేది, ఇక ఆ మంటకు వాకిలి అదిరేలా ఏడుస్తుంటే నోట్లో ఉప్పుకల్లు వేసి "ఏం కాదు బిడ్డా, ఊకో" అనేది.

ఇప్పుడు షాంపూ కంపెనీలు, యూట్యూబ్ వైద్యులు అందరూ ఇదే మాట చెప్తున్నారు. సహజం కాబట్టి ఏం కాదట. నాకు ఈ మాట మీదే కోపం. కంటిని మండించేది, జుట్టు జిడ్డు వదిలించేది, చెరువులో చేపను చంపేది, టీకాకు బలమిచ్చేది అన్నీ ఒకే కుటుంబానికి చెందిన రసాయనాలు. వాటి పేరు సాపోనిన్లు. అంత పనిమంతమైన పదార్థాన్ని 'హెర్బల్' అనే ఒక్క ముక్కతో కొట్టిపారేశాం కాబట్టే అది మన అడవిలో పండుతున్నా మన చేతిలో లేకుండా పోయింది.

పని చేసే తీరు తెలిస్తే విషయం సగం అర్థమైనట్టే. సాపోనిన్ అణువుకు ఒక కొసన చక్కెరల గొలుసు ఉంటుంది, అది నీళ్లను పట్టుకుంటుంది. రెండో కొస కొవ్వును పట్టుకుంటుంది. సబ్బు చేసేదీ ఇదే, అందుకే నురగ. అయితే సాపోనిన్ అక్కడితో ఆగదు. మన కణాల పొరల్లో ఉండే కొలెస్ట్రాల్‌ను పట్టుకుని ఆ పొరకే చిల్లులు పెడుతుంది. పలుచన చేసిన రక్తంలో కుంకుడు రసం వేసి చూడండి, ఎర్ర కణాలు పగిలిపోయి మసకగా ఉన్న ద్రవం కాసేపట్లో ఎర్రగా తేటపడుతుంది. చెట్టు దీన్ని తయారు చేసుకునేది మన తలస్నానం కోసమా? బూజుల నుంచి, పురుగుల నుంచి తన కాయను కాపాడుకోవడానికి.

మరి తింటే? రోజూ తింటూనే ఉన్నాం. శనగల్లో ఉన్నాయి, మెంతుల్లో ఉన్నాయి, ఆదిలాబాద్ రైతు పండించే సోయాలో ఉన్నాయి, పప్పు ఉడికేటప్పుడు పొంగే నురగలోనూ వీటి వంతు ఉంది. పేగుల నుంచి రక్తంలోకి పెద్దగా ఎక్కవు కాబట్టి బతికిపోతున్నాం. కానీ అన్నీ అలా ఊరుకోవు. దగ్గుకు చప్పరించే అతిమధురంలో తీపి గ్లైసిరైజిన్ అనే సాపోనిన్‌దే, దాన్ని రోజుల తరబడి ఎక్కువగా తీసుకుంటే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. గుండె జబ్బు మనిషికి అది చిన్న విషయం కాదు.

దీని బలం నేను కళ్లారా చూసింది పరకాల దగ్గర ఒక చేపల కుంటలో. చేపపిల్ల వదిలే ముందు పాత చేపలను, పిల్లలను మింగే కలుపు చేపలను తీసేయాలి. ఆ రైతు నానబెట్టిన ఇప్ప పిండి, అంటే ఇప్ప గింజల నూనె తీశాక మిగిలిన చెక్క, తట్టలతో తెచ్చి నీళ్ల మీద చల్లించాడు. కొన్ని గంటల్లో చేపలు పైకొచ్చి నోళ్లు తెరుచుకుని గుటకలు వేయడం మొదలుపెట్టాయి. ఇప్పలోని సాపోనిన్ మొప్పల ద్వారా సూటిగా రక్తంలోకి పోతుంది. మనకు పేగు అడ్డం ఉంది, చేపకు ఆ అడ్డం లేదు. అందుకే అలా చచ్చిన చేపను మనిషి తిన్నా ఇబ్బంది ఉండదు. రెండు మూడు వారాల్లో విషం విరిగిపోయి ఆ పిండే కుంటకు ఎరువవుతుంది. మీటరు లోతున్న హెక్టారు కుంటకు సుమారు 2,500 కిలోలు వాడమని మత్స్య శాస్త్రవేత్తలు చెప్పే లెక్క. పురుగుమందు డబ్బా తెచ్చి నీళ్లలో గుమ్మరించడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి టీకాలది. చిలీ దేశంలో క్విలాయా అనే చెట్టుంది. అక్కడి ఆదివాసులు దాని బెరడు నానబెట్టి తలలు, బట్టలు కడుక్కునేవారు, అచ్చం మన కుంకుడులాగే. ఆ బెరడులోని సాపోనిన్లు ఒంట్లోని రోగనిరోధక కణాలను తట్టిలేపుతాయని తెలిశాక, 1950ల నుంచే పశువుల గాలికుంటు టీకాల్లో కలపడం మొదలైంది. తర్వాత వాటిలోంచి క్యూఎస్-21 అనే ఒక్కదాన్ని విడదీశారు. రక్తకణాలను పగలగొట్టే దాని గుణాన్ని ఎట్లా అదుపు చేశారో తెలుసా? ముందే కొలెస్ట్రాల్‌తో కలిపి ఇస్తారు. పట్టుకోవడానికి కొలెస్ట్రాల్ దొరికింది కదా, ఇక మన కణాల జోలికి రాదు. విషానికి దాని ఇష్టమైన తిండి పెట్టి కూర్చోబెట్టడమే! ఈ మిశ్రమంతోనే 2017లో అమెరికాలో సర్పికి షింగ్రిక్స్ టీకా వచ్చింది, 50 దాటినవారిలో 90 శాతానికి పైగా రక్షణ ఇచ్చింది. డబ్ల్యూహెచ్‌వో 2021లో, 2023లో పిల్లలకు సిఫారసు చేసిన రెండు మలేరియా టీకాల్లోనూ ఆ చెట్టు సాపోనిన్లే ఉన్నాయి. మన దేశంలో అనుమతి పొందిన కొవిడ్ టీకా కోవోవాక్స్‌లో కూడా.

ఇక్కడే గుండె కలుక్కుమంటుంది. ఆ మలేరియా టీకాల్లో ఒకదాని ప్రొటీన్ భాగం తయారీని హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌కు అప్పగించే ఒప్పందం 2021లో కుదిరింది. బలాన్నిచ్చే సాపోనిన్ మిశ్రమాన్ని మాత్రం ఆ టీకాను తయారు చేసిన బ్రిటన్ కంపెనీ జీఎస్‌కే తన చేతిలోనే ఉంచుకుంది. టీకాల రాజధాని అని చెప్పుకునే మనం అసలు సరుకు కోసం బయటి వైపు చూడాలి. ఇటు చూస్తే కుంకుడు చెట్టుకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు సపిండస్, లాటిన్‌లో 'ఇండియా సబ్బు' అని అర్థం. పేరులోనే మన దేశం ఉంది, విలువలో లేదు.

కుంకుడు వేరు, క్విలాయా వేరు అంటారు కొందరు. నిజమే, అణువుల నిర్మాణం ఒకటి కాదు, కుంకుడు నుంచి టీకా సరుకు వస్తుందని నేను హామీ ఇవ్వడం లేదు. 2024లో క్యూఎస్-21ను ఈస్ట్ అనే సూక్ష్మజీవిలో తయారు చేసి చూపించారు, ఇక చెట్లతో పనేముందని కూడా అడుగుతారు. కానీ ఏ ఎంజైమ్ తర్వాత ఏ ఎంజైమ్ పని చేస్తుందో ఆ చెట్టునే ఏళ్ల తరబడి చదివి తెలుసుకున్నారు కాబట్టే ఈస్ట్‌కు నేర్పగలిగారు. మన చెట్టును మనం చదివామా? లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థ ఉత్తరాది కుంకుడు సాపోనిన్లతో కాన్‌సాప్ అనే గర్భనిరోధక క్రీమ్ తయారు చేసింది. చేతనైన పనే అని దాంతో తేలింది కదా.

మన దగ్గర చదివేవాళ్లేరీ? రాష్ట్ర యూనివర్సిటీల్లో ఏళ్ల తరబడి రెగ్యులర్ నియామకాలు లేవు, కాంట్రాక్టు లెక్చరర్లు పాఠాలు చెప్పుకుంటూ జీతం కోసం టెన్షన్ పడుతుంటే పరిశోధన ఎవరు చేయాలి? పత్తి మనదే, మిర్చి మనదే, ఇప్ప గింజ, తునికాకు మనవే. బస్తాల్లో నింపి లారీ ఎక్కించేదాకే మన పాత్ర, ఆ తర్వాత పెరిగే ప్రతి రూపాయీ ఇంకెవరిదో. ఉత్తర తెలంగాణ పేదరికానికి వానలు, నేలల కంటే పెద్ద కారణం ఇదేనని నేను నమ్ముతాను.

పత్తి కొనేటప్పుడు మిషన్ గుచ్చి తేమ చూస్తారు, 8 శాతం దాటితే ధర కోస్తారు, 12 దాటితే వెనక్కి పంపిస్తారు. ధర కోయడానికి టెస్టులున్నాయి. పాలకేంద్రంలో వెన్న శాతం చూసి ఎక్కువ కూడా ఇస్తారు. మరి కుంకుడు ఏరే కోయ అక్కకు, గోండు తమ్ముడికి ఎందుకు కిలోల లెక్క ఒక్కటే? పొట్టులో సుమారు పదో వంతు సాపోనినే ఉంటుంది, చెట్టును బట్టి, కోసిన కాలాన్ని బట్టి, ఎండబెట్టిన తీరును బట్టి అది మారుతుంది. దాన్ని అంచనా వేయడానికి కోట్ల ల్యాబు అక్కర్లేదు. పొడి కొంచెం నీళ్లలో మరిగించి, వడగట్టి, గొట్టంలో పోసి ఊపి, పావుగంట తర్వాత నురగ ఎన్ని మిల్లీమీటర్లు నిలిచిందో కొలవడమే. బీఫార్మసీ పిల్లలు చేసే పని. వరంగల్‌లో ఎన్ని ఫార్మసీ కాలేజీలున్నాయో ఆ హోర్డింగులే చెప్తాయి.

వచ్చే సీజన్‌కు గిరిజన సహకార సంస్థ ఏటూరునాగారంలో ఒక్క కేంద్రంలోనైనా ఈ పని మొదలుపెట్టాలి. ఒక పొయ్యి, పది గాజు గొట్టాలు, ఒక స్కేలు, జీతమిచ్చి కూర్చోబెట్టిన ఒక ఫార్మసీ అమ్మాయి. బస్తా తెచ్చిన మనిషి ముందే గొట్టం ఊపి, నురగ కొలిచి, ఆ లెక్క చీటీ మీద రాసి, దాని ప్రకారం డబ్బులు చేతిలో పెట్టాలి.