గుప్పెడు గింజలిస్తే రెండేళ్ల జైలు

నైరోబీలో ఉన్న మన తెలుగువాళ్లకు కందిపప్పుకు కొదవ లేదు. నగరం దాటి మచాకోస్ ప్రాంతం వైపు వెళితే మొక్కజొన్న సాళ్ల మధ్య కంది కనిపిస్తుంది. వాన ముఖం చాటేస్తే ముందు వాడిపోయేది మొక్కజొన్నే. వేరు లోతుకు దించిన కంది తట్టుకుంటుంది. మన దేశం నుంచి ఇక్కడికి వచ్చిన పంట అది. మన రాగులేమో తూర్పు ఆఫ్రికా నుంచి వేల ఏళ్ల కిందట అక్కడికి వెళ్లాయి. ఆ మూటలు మోసినవాళ్లను ధ్రువపత్రం చూపమని ఎవరూ అడిగి ఉండరు.

కెన్యా ప్రభుత్వం అడిగింది. 2012లో సవరించిన విత్తన చట్టం ప్రకారం ధ్రువీకరణ లేని విత్తనాన్ని రైతు అమ్మినా, పంచుకున్నా నేరమే. రెండేళ్ల దాకా జైలు, పది లక్షల షిల్లింగుల దాకా జరిమానా. 2022లో 15 మంది చిన్న రైతులు కోర్టుకెక్కారు. 2025 నవంబరు 27న మచాకోస్ హైకోర్టు ఆ నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది.

ఆ ప్రాంతంలోనే ఒక పెద్దావిడ నాకు సొరబుర్ర మూత తీసి చూపించింది. లోపల బూడిద కలిపిన అలసందలు. 2020 నుంచి 2022 దాకా వరుసగా ఐదు పంటకాలాలు వానలు దెబ్బతీసినా ఆమె చేనులో మిగిలిన మొక్కల సంతతి అవి. కరువును తట్టుకునే విత్తనం కావాలంటూ నగరంలో సదస్సులు పెడతారు (భోజనాలు బాగుంటాయి, అబద్ధమెందుకు). ఆ విత్తనం ఆమె వంటింట్లో ఉంది. పక్కింటికి ఇస్తే మాత్రం నిన్నటిదాకా దోషి.

నకిలీ విత్తనాల మాటేమిటంటారా? పత్తి, మిరప రైతుల గోడు ఎరిగిన మనకు ఆ భయం న్యాయమైనదే. అయితే పట్టుకోవలసింది దొంగ ప్యాకెట్లు అమ్మేవాణ్ని. మన దేశపు 2001 నాటి రైతు హక్కుల చట్టం ఆ తేడా గుర్తించింది: రక్షిత రకమైనా (అంటే తయారుచేసినవారికి హక్కులున్న రకమైనా) సరే, బ్రాండు పేరు పెట్టనంత వరకు రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. 2018 నాటి ఐక్యరాజ్యసమితి రైతుల హక్కుల ప్రకటన 19వ అధికరణం కూడా ఇదే హక్కును చెబుతుంది.

మన సంఘం ఏటా సేవా నిధితో హైబ్రిడ్ మొక్కజొన్న ప్యాకెట్లు పంచి ఫొటోలు దిగుతోంది. నేనూ దిగాను. ఈసారి ఆ డబ్బుతో మచాకోస్‌లో ఒక ఊరి విత్తన నిల్వకు గది కట్టిద్దాం. అందులో ఏ గింజలు ఉంచాలో ఆ ఊరి ఆడవాళ్లే చెబుతారు.