ఉప్మా ఏడుస్తోంది

మా బాబాయి జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలింది గానీ మార్కులు వేసే జబ్బు వదల్లేదు. దేనికైనా పదికి ఇన్ని అని వేసేస్తాడు. పెళ్లిభోజనానికి ఏడు, ఆర్టీసీ బస్సు సీటుకు నాలుగు, పక్కింటాయన గడ్డానికి రెండు. పిన్ని చేసే ఉప్మాకు మాత్రం పెళ్లయిన నాటి నుంచి ఒకటే: ఆరున్నర. తగ్గలేదు, పెరగలేదు. మిగిలిన మూడున్నర ఎక్కడ పోయాయో ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు.

వేసవి సెలవులకి ఇద్దరూ తెనాలి నుంచి హైదరాబాదు మా ఇంటికొచ్చారు. సరిగ్గా అప్పుడే మా చిట్టి ఒక వీడియో గేమ్ మొదలుపెట్టింది. పేరు ‘చికోరీ: ఎ కలర్‌ఫుల్ టేల్’. గ్రెగ్ లొబనోవ్ అనే ఆయనా, ఆయన జట్టూ తయారుచేసిన ఆట, 2021 జూన్‌లో వచ్చింది. అందులో తుపాకుల్లేవు, చచ్చిపోవడం లేదు. చేతిలో ఒక కుంచె, చుట్టూ రంగులన్నీ మాయమైపోయి తెల్లగా మిగిలిన ఊళ్లు. మనం తిరుగుతూ రంగులేసుకుంటూ పోవాలి. పిల్లల ఆటే కదా అని ఇప్పించాను గానీ, తీరా చూస్తే పెద్దవాళ్ల గుండెకోతలన్నీ అందులోనే ఉన్నాయి.

ఆట మొదట్లోనే ఒక ప్రశ్న అడుగుతుంది: నీకు బాగా ఇష్టమైన తిండి ఏది? చిట్టి పైకి చదివింది. సోఫాలోంచి బాబాయి, వంటింటికి వినపడేటట్టు, “ఆలోచనెందుకమ్మా, రోజూ ఏది పెడుతున్నారో అదే రాయి. ఉప్మా!” అన్నాడు. చిట్టి అక్షరాలు టకటకా కొట్టేసింది. అడిగింది కుశలప్రశ్న కాదనీ, కథానాయకుడైన కుక్కకు ఆ జవాబునే పేరుగా పెట్టేస్తారనీ అప్పటికి మాకెవరికీ తెలియదు. ఆ లోకంలో అందరివీ తిండి పేర్లే. రాజ్యం పేరు పిక్నిక్, ఒక ఊరు లంచన్, ఇంకో ఊరు డిన్నర్స్. “ఆటా ఇది, మెస్సా?” అంది పిన్ని తొంగి చూసి.

కథ చెప్పాలి. ఆ రాజ్యంలో మాయకుంచె పట్టే అధికారం ఒక్కరికే ఉంటుంది. ఇప్పుడది చికోరీ అనే కుందేలుది. ఆవిడ గొప్ప చిత్రకారిణి. ఆవిడుండే భవనంలో మన కుక్క ఊడ్చే పని చేస్తుంది. ఒకరోజు రంగులన్నీ పోతాయి. కుందేలు గదిలో తలుపేసుకుని పడుకుంటుంది, కుంచె బయట పడి ఉంటుంది. కుక్క తీసుకుంటుంది. అంతే. జాతకం కలవలేదు, ఏ మునీ దీవించలేదు, ఆ సమయానికి అక్కడ ఉండటమొక్కటే దాని అర్హత. ఇంట్లో ఇంకేమీ లేనప్పుడు గుర్తొచ్చే టిఫిన్ పేరు ఇలాంటి వీరుడికి తగిలింది చూశారూ, బాబాయి వెటకారమే గానీ, పంచాంగం చూసి పెట్టినా అంత బాగా కుదరదు.

అసలు గొడవ మర్నాడు పొద్దున మొదలైంది. మా ఇంట్లో చికోరీ మామూలు మాట కాదు. కాఫీ పొడిలో అది ఎంత కలపాలన్నది ఆ దంపతుల మధ్య పాత తగాదా. డికాషన్ చిక్కగా దిగాలంటే చికోరీ ఉండాల్సిందేనని ఆయన. మా ఆవిడ మాట విని ఈసారి పిన్ని చికోరీ లేని పొడి తెప్పించింది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. కనిపెడతాడేమోనని లోపల ఒక భయం.

హాల్లో తాతా మనవరాలి సంభాషణ ఇలా సాగుతోంది.

“తాతయ్యా, ఉప్మా ఏడుస్తోంది.”

“ఏమటా?”

“నాకు చేతకాదు, ఎంత చేసినా బాగోదు అంటోంది.”

“చేతకానప్పుడు మానెయ్యొచ్చుగా! ఎందుకొచ్చిన తంటా?”

“పాపం, దానికి నమ్మకం లేదు తాతయ్యా.”

“నమ్మకం ఎక్కణ్నుంచి వస్తుంది? చికోరీ ఉన్నప్పుడే బాగుండేదని ఊరంతా అనుకుంటుంటే!”

ఇంత సంభాషణా వంటింట్లోకి చేరలేదు. మధ్యలో కుక్కర్ మూడు కూతలు కూసింది. కూతకీ కూతకీ మధ్య పిన్ని చెవిన పడినవి ఇవి: ఉప్మా. చేతకానప్పుడు మానెయ్యొచ్చుగా. చికోరీ ఉన్నప్పుడే బాగుండేది. ఊరంతా.

స్టవ్ కట్టేసిన చప్పుడు వినపడింది. పిన్ని కొంగుతో చేతులు తుడుచుకుంటూ హాల్లోకొచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, “రేపట్నుంచి టిఫినూ కాఫీ బయట్నుంచి తెప్పించుకోండి” అని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. టీవీలో కుందేలు కూడా అదే పనిలో ఉంది. బాబాయి ఈ తలుపూ ఆ తలుపూ మార్చి మార్చి చూశాడు.

“తలుపు దగ్గరికెళ్లి మాట్లాడాలి తాతయ్యా” అంది చిట్టి. “ఉప్మా అలాగే చేసింది.”

బాబాయి వెళ్లలేదు. వెళ్లి ఏం మాట్లాడాలో ఆయన సర్వీసులో ఎవరూ నేర్పలేదు. ఆ తర్వాత ఫోన్లో ఆర్డరిచ్చిన ఇడ్లీలకు ఒకటిన్నర, వాటితో వచ్చిన చట్నీకి సున్నా వేసుకుంటూ చిట్టి పక్కనే కూర్చున్నాడు.

ఆటలో ఒక డ్రాయింగ్ క్లాసుంది. నమూనా బొమ్మ చూపించి దాన్ని వెయ్యమంటారు. చిట్టి వేసినదానికీ నమూనాకీ దూరపు చుట్టరికం కూడా లేదు. అయినా క్లాసులో అందరూ మెచ్చుకున్నారు. బాబాయి కళ్లజోడు సవరించుకుని తెర నాలుగు మూలలా వెతికాడు.

“మార్కులేవీ?”

“మార్కులుండవు తాతయ్యా.”

“మార్కుల్లేకుండా క్లాసేమిటి? కొలత తప్పింది, వెలుగునీడల్లేవు, గీత వణికింది...”

ఆయన ఇంకా తప్పులు లెక్కపెడుతుండగానే ఆటవాళ్లు ఆ బొమ్మను తీసుకెళ్లి ఊళ్లో తగిలించేశారు. బాబాయికి నోట మాట రాలేదు. ఇంకాసేపటికి చికోరీ అలా ఎందుకైందో తెలిసింది. ఆవిడ గురువు బ్లాక్‌బెర్రీ మహా కఠినమైన మనిషట. చిట్టి చదివి చెబుతుంటే బాబాయి సౌండు తగ్గించమన్నాడు. ఆట ఇంగ్లీషులో ఉంది, పిన్నికి అర్థం కాదు, అయినా తగ్గించమన్నాడు.

పిన్నిని బయటికి రప్పించింది ఆ సంగీతమే. లీనా రెయిన్ కట్టిన బాణీలు, గోడలకు ఆగేవి కావు. ఆవిడ వచ్చేసరికి చిట్టి స్నానానికి లేచింది. ఖాళీగా ఉన్న రిమోట్ పిన్ని చేతిలోకొచ్చింది. ఒక్కో ప్రాంతంలో నాలుగే రంగులిస్తారు, మీట నొక్కి పట్టుకుంటే చెట్టుకు చెట్టే నిండిపోతుంది. ముగ్గులో గీత కలవకపోతే చెరిపి మళ్లీ వేసే మనిషి, ఇలాంటి లోకం దొరికితే ఊరుకుంటుందా? కథ ముందుకు పోనివ్వదు. ఆకు ఆకుకీ రంగు పడాల్సిందే.

“ఈ కుక్క పేరేంట్రా?” అంది నాతో.

“ఉప్మా.”

“ఆ కుందేలు?”

“చికోరీ.”

కుంచె ఆగింది. పిన్ని మెల్లగా బాబాయి వైపు తిరిగింది.

“పొద్దున మీరన్నది దీన్నా?”

“మరింకెవర్ని?”

“నన్ను కాదా?”

“నిన్నెందుకంటాను!”

“అంటే నా ఉప్మా బాగుంటుందనేగా?”

బాబాయి నోరు తెరిచాడు. ఆ నోట్లో ‘ఆరున్నర’ సిద్ధంగా ఉండటం నేను కళ్లారా చూశాను. మా ఆవిడ గట్టిగా దగ్గింది.

“బాగుంటుంది” అన్నాడు.

“అయితే ఇవాళ మీరు చెయ్యండి. నాకు ఈ వంతెన అవతలంతా మిగిలే ఉంది.”

ఆటలో దారి తెలియకపోతే టెలిఫోన్ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చెయ్యొచ్చు. అమ్మ చూచాయగా చెబుతుంది. చాలకపోతే నాన్న అందుకుని పూసగుచ్చినట్టు చెబుతాడు. మా వంటింట్లోంచి కూడా అలాంటి పిలుపే వచ్చింది.

“రవ్వ ఎక్కడే?”

“కళ్లెదురుగానే ఉంది, చూడండి!” పిన్ని తల తిప్పలేదు.

ఇక నేనందుకున్నాను. “రెండో అర బాబాయ్, ఎడమ పక్క స్టీలు డబ్బా!” ఎడమంటే ఆయన ఎడమా, అర ఎడమా అన్న మీమాంసలో ఇడ్లీ రవ్వ డబ్బా బయటికొచ్చింది. పోపు వేగింది, నీళ్లు మరిగాయి, రవ్వ పడింది. అరగంటకు పలుకు పలుకుగా ఏదో పళ్లెంలోకొచ్చింది.

పిన్ని ఒక చేత్తో రంగులేస్తూ రెండో చేత్తో తింది. “ఇది ఉప్మా కాదండీ, ఉప్పిండి” అంది. ఇంకో ముద్ద తింది. తెలియక చేసినా అది కూడా ఒక వంటకమే అవడంతో బాబాయికి ధైర్యమొచ్చింది. గరిట పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

“పదికి ఎంతే?”

పిన్ని వంతెన మీద చివరి పలకకి కూడా నీలం పులిమి, అప్పుడు చెప్పింది. “ముందు ఆ అడుగంటిన గిన్నె తోమి రండి. ఈ కుక్క కూడా చీపురుతోనే మొదలైంది.”