ఎలుగుబంటి గుహ దగ్గర ఆగిన ప్రేమ

"ఇప్పుడు అలాంటి గేములు ఎవడు తీస్తున్నాడ్రా?" అని మొన్న ఒక మిత్రుడు నిట్టూర్చాడు. అలాంటివంటే పైనుంచి చూసే మ్యాపు, ఆరుగురి ముఠా, పేజీలకొద్దీ సంభాషణలు, కొట్లాట మధ్యలో స్పేస్‌బార్ నొక్కి తీరిగ్గా ఆలోచించుకోవడం. 1998లో బాల్డర్స్ గేట్ అనే కంప్యూటర్ గేము చేసిన అలవాట్లు.

ఆ నిట్టూర్పు విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. అలాంటి గేము అతగాడు కొని దాచుకున్న గేముల్లోనే మూలుగుతోంది మరి!

2012లో అబ్సిడియన్ అనే గేముల సంస్థ, జనం నుంచి ముందే చందాలు పోగుచేసే కిక్‌స్టార్టర్ సైట్‌లో అడిగితే 70 వేలమందికి పైగా అభిమానులు దాదాపు 40 లక్షల డాలర్లు కుమ్మరించారు. 2015లో పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ వచ్చింది, బాగా అమ్ముడైంది. 2018లో రెండో భాగం డెడ్‌ఫైర్ వచ్చింది. సముద్రం, సొంత ఓడ, దాదాపు ప్రతి సంభాషణకీ నటుల గొంతు. సమీక్షకులు మెచ్చుకున్నారు, జనం మాత్రం అనుకున్నంతగా కొనలేదు. కారణం ఇదీ అని దర్శకుడు జాష్ సాయర్ కూడా కచ్చితంగా తేల్చలేకపోయాడు.

నేను తేలుస్తాను. కారణం ఎలుగుబంటి.

మావాడు మొదటి భాగం కొన్న రాత్రి చూడాలి. పాత్రను తయారు చేసుకోవడానికే రెండు గంటలు. తల మీద మంటలు మండే జాతి మేలా, చంద్రుడి కళ ఉన్నది మేలా? మాంత్రికుడికి కండబలం ఎందుకు? (ఈ గేములో కావాలి. మంత్రానికీ అదే ఊపు.) చివరికి ఫొటో ఎంచుకుని, పేరు పెట్టి, శవాలు వేలాడే చెట్టున్న మొదటి ఊరిదాకా వచ్చాడు. ఊరి పక్క అడవిలో గుహ. గుహలో ఎలుగుబంటి. ఒక్క దెబ్బకు మాంత్రికుడు నేలకరిచాడు. రీలోడ్. మళ్లీ అదే ఎలుగు, అదే నేల. మూడోసారి ఓడాక "వీకెండ్‌లో చూద్దాం" అని మూసేశాడు. ఆ వీకెండ్ ఇంకా రాలేదు. ఎలుగుబంటి ఇంకా గుహలోనే ఉంది, క్షేమం.

ఇతగాడి దగ్గరికి డెడ్‌ఫైర్ వచ్చి ఏమడుగుతుంది? "మొదటి భాగంలో ఏయే నిర్ణయాలు తీసుకున్నారు?" అని. తీసుకున్నది ఒక్కటే, గుహలోకి దూరడం. మొదట్లోనే హీరో కోట కూలిపోతుంది. ఏ కోట? మావాడు కోటదాకా వెళ్తేగా! కాబట్టి "ముందు అది పూర్తిచేసి, తర్వాత ఇది కొంటా" అంటాడు. ఎంత నిజాయితీ!

అదే కోవలోని డివినిటీ: ఒరిజినల్ సిన్ 2 2017లో బ్రహ్మాండంగా ఆడింది కదా అంటారేమో. ఆడింది. దాంట్లో హీరోలు కొత్తవాళ్లు. పాత హోంవర్క్ చేశావా అని అది అడగదు. బాల్డర్స్ గేట్ 3 అయితే రెండోదానికి 23 ఏళ్ల తర్వాత వచ్చింది, అప్పటికి పాతవి ఆడలేదని సిగ్గుపడేవాడే మిగల్లేదు.

కొత్తొక వింత, పాతొక రోత అంటారు. ఇక్కడ పాతే వింత, దాని తమ్ముడే రోత. మొదటి భాగానికి డబ్బిచ్చి మీరు కొనుక్కున్నది మీ పదిహేనో ఏడు. అచ్చం అలాగే ఉందని స్క్రీన్‌షాట్ చూసి మురిసిపోయారు, పని అయిపోయింది. పదిహేనో ఏడుకి రెండో భాగం ఎవడు తీస్తాడు?

ఒక్కో చెట్టునీ గీసినవాళ్లున్నారు. మీరు ఎప్పటికీ తెరవని తలుపు వెనకాల కూడా నాలుగు పేజీల సంభాషణ రాసినవాళ్లున్నారు. వాళ్లు అడిగింది చప్పట్లు కాదు, మీ సాయంత్రాలు. అవి ఇవ్వకుండా "ఎవడు తీస్తున్నాడు" అని నిట్టూర్చడానికి సిగ్గుండాలి! తీశారయ్యా. నువ్వు అడిగావనే తీశారు. ఆ లోకంలోనే 2025లో అవౌడ్ వచ్చింది గానీ అది యాక్షన్ గేము. పైనుంచి చూసే మ్యాపుతో మూడో భాగం రానేలేదు.

ఇదంతా మావాడి మొహం మీదే అనేశాను. తలొంచుకుని విన్నాడు. "డెడ్‌ఫైర్ సేల్‌లో ఉందా?" అన్నాడు. ఉంది. నా ఎదుటే కొన్నాడు. ఇన్‌స్టాల్ నొక్కమన్నాను.

"ఉండరా, ముందు ఆ ఎలుగుబంటి సంగతి చూడాలి."