ముక్కుతో తాగే మహానుభావులు

శివరాత్రికి ముందు ఆదివారం, కొండాపూర్‌లో మా స్నేహితుడి ఫ్లాట్‌లో, రకరకాల మందు రుచి చూసే సభలో, చేతికిచ్చిన గ్లాసు నోటి దాకా తీసుకెళ్తుంటే ఒకాయన నా మణికట్టు పట్టేసుకున్నాడు. బస్సులో జేబుదొంగని పట్టుకున్నట్టు. "బ్రో, అప్పుడే తాగకు. ముందు నోస్ చెయ్యి" అన్నాడు.

నోస్ చెయ్యాలట, అంటే ముందు వాసన చూడాలట. నలభై ఏడేళ్ళుగా నా ముక్కు నాతోనే ఉంది. ఊపిరి పీల్చాను, చీదాను, కళ్ళజోడు నిలబెట్టుకున్నాను, అక్కడక్కడా దూర్చకూడని చోట దూర్చాను కూడా. కానీ దాన్ని "చెయ్యడం" అన్న విద్య ఒకటుందని, అది రానివాడు గ్లాసు పట్టుకోవడానికే అర్హుడు కాడని ఆ రోజే తెలిసింది. మన వాళ్ళు నాగరికతలో ఎంత దూరం వెళ్ళిపోయారో పాఠకులకు తెలియజేయడం నా ధర్మం కాబట్టి ఈ నాలుగు ముక్కలు.

మొత్తం ఎనిమిది మందిమి. బల్ల మీద పన్నెండు సీసాలు, అన్నిటికీ ఖాకీ కాగితం చుట్టి స్కెచ్ పెన్నుతో నంబర్లు వేశారు, ఓటరు స్లిప్పుల్లాగా. తులిప్ పువ్వులా పైన సన్నబడే గ్లాసులు, ఎందుకంటే వాసన పారిపోకూడదు. పక్కనే మా చిన్నదానికి చుక్కల మందు వేసే లాంటి డ్రాపర్ ఒకటి, రెండంటే రెండే చుక్కలు నీళ్ళు వేయడానికి. మూడో చుక్క పడితే ఆ సీసా పరువు పోతుంది. ఒక్కొక్కరి చేతిలో ఒక నోట్‌బుక్కు. పరీక్ష హాల్లో ఉన్నట్టు ఎవరి సమాధానం వాళ్ళే రాసుకోవాలి, పక్కవాడిది చూడకూడదు. అందరూ చూస్తున్నారు. నా ఎడమ పక్కాయన రాసింది నేనూ చూశాను: "లెదర్, తడి మట్టి, పాత లైబ్రరీ." ఆయన నా క్లాస్‌మేటే. ఆయన ఏ ఊళ్ళో ఏ లైబ్రరీకి వెళ్ళాడో ఈశ్వరుడికే తెలియాలి, ఎందుకంటే డిగ్రీ మూడేళ్ళూ కాలేజీ లైబ్రరీ ఏ అంతస్తులో ఉందో నన్నడిగేవాడు.

ఇంకో మాట. ఇదే బృందం ఆ రోజుల్లో హాస్టల్ మేడ మీద క్వార్టర్ సీసాని థమ్సప్‌లో కలుపుకుని, అందరం కలిసి ముక్కు మూసుకుని తాగినవాళ్ళం. ముక్కు తెరవడానికి పాతికేళ్ళు పట్టింది.

మూడో నంబరు దగ్గర అందరూ కళ్ళు మూసుకున్నారు. అది స్కాట్లాండ్‌లో ఐలా అనే దీవి నుంచి వచ్చిన విస్కీ అట. అక్కడ నాచూ గడ్డీ వేల ఏళ్ళు బురదలో పేరుకుని పీట్ అనే నల్లమట్టి అవుతుంది. ఆ గడ్డలు కాల్చి, మొలకెత్తిన బార్లీని ఆ పొగలో ఆరబెడతారు, ఆ పొగ సీసా దాకా వస్తుంది. నేనూ బుద్ధిగా వాసన చూశాను. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడితే మా ఊరి ఆర్ఎంపీ డాక్టరు మోకాలికి పూసిన టించర్ అయోడిన్, పక్కనే కాగులో నీళ్ళు కాస్తున్న పొగ. అదే రాశాను. మా స్నేహితుడు చదివి నొచ్చుకున్నాడు. "మెడిసినల్ స్మోక్ అనాలి రా" అన్నాడు. నేనన్నదీ అదే కదరా నాయనా, తెలుగులో అన్నాను, అంతే.

తర్వాత సింగిల్ మాల్ట్ మీద ఉపన్యాసం. సింగిల్ అంటే ఒకే పీపాలోది అని ఒకాయన సభకి తెలియజేశాడు, సభ తలూపింది. కాదండీ. సింగిల్ మాల్ట్ అంటే ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతో మాత్రమే తీసిందని అర్థం. అది వందల పీపాల కలగలుపు కూడా కావచ్చు. నిజంగా సింగిల్ అన్నమాటకి అర్థం కావాలంటే మా ఊరు రావాలి. భువనగిరి దాటాక ఎవర్నడిగినా ఒంటి చెట్టు కల్లు అంటే ఏంటో చెప్తారు. ఒకటే చెట్టు, దాని లొట్టి (కల్లు పట్టే కుండ) వేరే లొట్టితో కలపరు, బాలింతకో రోగికో కావాలంటే ముందే చెప్పి పెట్టుకోవాలి. తాడికల్లు వేరు, ఈతకల్లు వేరు. తాళ్ళలో మళ్ళీ పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు, ఒక్కోదానికి ఒక్కో కాలం, ఒక్కో రుచి. మా నాన్న నోట్‌బుక్కు లేకుండానే చెప్పేవాడు ఇది ఫలానా గట్టు మీది చెట్టుదని. ఆయన్ని ఎవరూ కానజ్యూర్, అంటే రుచి తెలిసిన రసికుడు, అనలేదు. తాగుబోతు అన్నారు.

అసలు సంగతి చెప్పనే లేదు కదా, నేను ఖాళీ చేతుల్తో వెళ్ళలేదు. ఎవరికి వారు "ఒక అన్‌యూజువల్ బాటిల్" తేవాలని గ్రూపులో నియమం పెట్టారు. ఒకాయన గోవా నుంచి జీడిమామిడి పళ్ళ సారా ఫెనీ తెచ్చాడు, దానికి 2009లోనే జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకే అన్న ముద్ర) ఉంది కాబట్టి మర్యాదగా లోపలికి రానిచ్చారు. ఒకావిడ (మా స్నేహితుడి ఆఫీసులో పెద్ద హోదా) మెజ్కల్ అనే మెక్సికో సారా పంపింది. నేను తెల్లవారుజామున ఊళ్ళో బయల్దేరి, కల్లు గీసే మా బాబాయి దించిన తాడికల్లు ఐదు లీటర్ల క్యాన్‌లో పోయించుకుని తెచ్చాను. గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజర్ ఆపాడు. "సార్, కల్లు లోపలికి అలౌ లేదు, అసోసియేషన్ రూల్." నా కళ్ళముందే ఇంకో అతిథి డ్యూటీఫ్రీ సంచి పట్టుకుని, టకటకమని సీసాలు చప్పుడు చేసుకుంటూ లిఫ్టెక్కాడు. ఆ సంచికి సలాం కొట్టారు. నా క్యాన్‌ని వాచ్‌మన్ గదిలో కుర్చీ కింద పెట్టారు, వాంగ్మూలం తీసుకోవాల్సిన సాక్షిలాగా.

పైకెళ్ళి ఈ మాట చెప్తే ఎవరికీ పట్టలేదు, ఎందుకంటే అప్పటికి తొమ్మిదో నంబరు వచ్చింది. బెల్జియం బీరు, షాంపేన్‌లా బిరడా, దానికి తీగ. మా స్నేహితుడు గొంతు తగ్గించి చెప్పాడు. బ్రస్సెల్స్ చుట్టుపక్కల చలికాలంలోనే కాస్తారట, ఉడికించిన గంజినీళ్ళ లాంటిదాన్ని రాత్రంతా వెడల్పాటి తొట్టిలో మూత లేకుండా వదిలేస్తారట, ఈస్ట్ అనేది ఎవరూ కలపరట, గాల్లో ఉన్నదే దిగి పులియబెడుతుందట, పీపాల్లో ఏడాదిది, రెండేళ్ళది, మూడేళ్ళది కలిపితే గూజ్ అవుతుందట. "ఇమాజిన్. గాల్లో ఉన్న ఈస్ట్! ప్యూర్ నేచర్!" అన్నాడు. గ్లాసులు తిరిగాయి. మసగ్గా ఉంది, పుల్లగా ఉంది, కొంచెం పశువుల కొట్టం వాసన ఉంది. అందరి కళ్ళలో భక్తి. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు, పులుపుకో పారవశ్యానికో తెలీదు.

నేను నెమ్మదిగానే అన్నాను. ఒరేయ్, కింద కుర్చీ కింద ఉన్నదీ అంతే కదరా. ఎవడూ ఈస్ట్ కలపలేదు. గెల కొసని పల్చగా చెక్కి లొట్టి కడితే, చుక్క చుక్క పడుతుండగానే అదే పులవడం మొదలెడుతుంది, వద్దనుకుంటే లొట్టి లోపల సున్నం పూయాలి, అప్పుడది నీరా. మసగ్గానే ఉంటుంది. పుల్లగానే ఉంటుంది. స్కాట్లాండ్‌లో పీపాల్లోంచి ఏడాదికి రెండు శాతం ఆవిరైపోతే దేవదూతల వాటా అని కవిత్వం చెప్పుకుంటారే, మా దగ్గర ఆ వాటా తేనెటీగలు తీసుకుంటాయి, తాగి అందులోనే పడతాయి, వడగట్టుకోవాలి.

"వద్దు బాబూ" అన్నాడు నా మణికట్టు పట్టుకున్నాయన. "కూకట్‌పల్లిలో చూశాంగా. లాంగ్ ఫినిష్... డయాలసిస్ దాకా!"

ఫినిష్ అంటే మింగాక నోట్లో మిగిలే రుచి అట. పగలబడి నవ్వారు. డ్రాపర్ పట్టుకున్నవాడు కూడా.

నాకు నవ్వు రాలేదు, ఇప్పుడూ రావడం లేదు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పోయినవాళ్ళు, కిడ్నీలు దెబ్బతిని ఆస్పత్రుల్లో పడ్డవాళ్ళు పొద్దంతా రెక్కలు ముక్కలు చేసుకునే జనం. ఇలాంటి కల్తీ దుకాణాల్లో పోసేది అచ్చమైన చెట్టు కల్లు కాదు. నీళ్ళూ చక్కెరా శాకరినూ, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, ఆల్ప్రాజోలం, ఏది దొరికితే అది. అలవాటుపడ్డవాడు ఒక్క రోజు మానేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి. ఇది నిన్న మొన్నటిది కాదు, దశాబ్దాలుగా అందరికీ తెలిసి జరుగుతున్నదే. మీరు తాగే సీసా ఏ పీపాలో ఎన్నేళ్ళుందో, ఆ పీపాలో అంతకుముందు ఏ ద్రాక్షసారా ఉందో చెప్పగలరు కదా, మీ ఇంటి పైకప్పు వేసిన కూలీ సాయంత్రం తాగే సీసాలో ఏముందో ఒక్కడికైనా పట్టిందా? అసలు కల్లు గీసేవాడి సంగతి? రోజుకి రెండు మూడు సార్లు మోకు వేసుకుని అంతెత్తు తాడెక్కుతాడు, మోకు జారితే నడుం విరిగి మంచానికే. వాళ్ళకి సేఫ్టీ కిట్లు రావడానికి 2024 దాకా పట్టింది. ఆ చేతుల్లోంచి వచ్చినదానికి గేటు దగ్గర రూలు, కుర్చీ కింద చోటు, పైన ఒక జోకు! సిగ్గుండాలి.

ఇదంతా పైకి అన్నానా అంటే అనలేదు. పదో నంబరు నోస్ చేశాను.

ఇంతలో ఇంటర్‌కమ్ మోగింది. వాచ్‌మన్. "సార్, మీ క్యాన్ ఉబ్బింది సార్. అరుస్తుంది." లిఫ్టులో కిందికి దిగాను. నిజమే, క్యాన్ పొట్ట బయటికొచ్చి మూత సందులోంచి బుస్సుమంటోంది, సూపర్‌వైజర్ నాలుగడుగులు దూరంగా నిలబడి బాంబు స్క్వాడ్‌ని పిలవాలా వద్దా అన్నట్టు చూస్తున్నాడు. వాచ్‌మన్‌ది పాలమూరు వైపు. కూర్చుని, మూత పావు తిప్పు తిప్పి గాలి వదిలి, మళ్ళీ బిగించి, మళ్ళీ వదిలి, నురగంతా దిగాక మూత తీసి ఒక్కసారి వాసన చూశాడు. ఒక్కసారే. కళ్ళు మూసుకోలేదు, ఏమీ రాసుకోలేదు.

"పొద్దుగాల దించింది సార్. చెట్టు మంచిదే. మీరే ఖరాబు చేసిండ్రు" అన్నాడు. "ప్లాస్టిక్ డబ్బాల నింపుడేంది, ఎండల కారు డిక్కీల పెట్టుడేంది?"

డిక్కీలో పెట్టానని ఎలా తెలిసిందయ్యా అంటే, పెట్రోలు వాసన అన్నాడు.

ఒక గ్లాసు పోసుకో అన్నాను. డ్యూటీలో ఉన్నాను సార్ అన్నాడు, అయినా ఇది తాగేటట్టు లేదు, పారబొయ్యండి అన్నాడు. నేను క్యాన్ ఎత్తి పక్కనున్న పూలమొక్కల వైపు నడిస్తే వెనకనుంచి కేకేశాడు. "అండ్ల పొయ్యకుండ్రి సార్! అసోసియేషనోళ్ళకి వాసనొస్తది."